నాలుగు సెంటీమీటర్ల రెండు గీతలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళంతా మొదట ఈ మాటే అంటారని తెలుసు, చదివి నవ్వుకున్నదాన్నే. కాకపోతే నమ్మకపోవడం నాకు ఉద్యోగంలో భాగం కూడా. పంతొమ్మిదేళ్ళుగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. స్ప్రింగు మీద బరువు పెడితే దిగుతుంది, తీస్తే లేస్తుంది, ఎంత బరువుకి అంత. ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నన్ను భయపెట్టింది ఆ పాఠమే.

మా పుట్టిల్లు రాజమండ్రి. పెళ్ళయ్యాక సికింద్రాబాద్ వచ్చి పద్మారావు నగర్‌లో ఉంటున్నాం. ఇంట్లో మా ఆయన రవీందర్, మా అత్తమ్మ, నేను. వాళ్ళది జనగామ వైపు. రెండేళ్ళ కిందట వానాకాలంలో మేడమెట్ల మీద జారిపడ్డాను. వెన్నెముక దెబ్బతింది. ఆపరేషన్ అయింది, ఫిజియోథెరపీ అయింది, అత్తమ్మ మొక్కని దేవుడు లేడు. కాళ్ళు మాత్రం తిరిగి రాలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న కుర్చీకి చిన్న చక్రాలు. వెనక నుంచి ఎవరో ఒకరు తోయాల్సిందే. కిటికీ దగ్గరికి వెళ్ళాలన్నా ఒకరిని పిలవాలి. మా ఆయన విసుక్కునే మనిషి కాదు. విసుక్కుని ఉంటే నేనూ నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని. అదీ లేకపోయింది.

మా స్కూలు నాలుగు సందుల అవతల, బోయిగూడ వైపు ఉంది. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడే కానీ మాట కచ్చితం. జూన్‌లో బడి తెరిచేసరికి నా అంతట నేను వచ్చి, ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి నా అంతట నేను తిరగగలిగితే ఉద్యోగం నాది. లేకపోతే వేరే టీచర్‌ని పెట్టుకుంటారు. ఆ ఉద్యోగం పోతే ఇక జీవితమంతా ఆ మంచమూ నేనూ అనిపించింది. అంతకంటే పెద్ద భయం ఇంకేదీ ఉండదనుకున్నాను అప్పుడు.

అందుకని చేతులతో చక్రాలు తిప్పుకునే కుర్చీ కోసం వెతకడం మొదలుపెట్టాం. ముందు తెలిసినవాళ్ళ దగ్గర మామూలుది ఒకటి అడిగి తెచ్చి సందు చివరిదాకా వెళ్ళి చూశాను. మా సందులో మోరీ కాలువ మీద బండలు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. ప్రతి కుదుపూ వెన్ను నుంచి మెడదాకా ఇనప చువ్వ దిగినట్టు ఉండేది. కాళ్ళు వాటంతట అవే కొట్టుకుని పాదాల పలక మీంచి జారిపోయేవి. సగం దారిలో మా ఆయన తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. ఆ రోజు ఏడ్చాను.

అప్పుడు స్ప్రింగులున్న కుర్చీ సంగతి ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. రెజిమెంటల్ బజార్‌లో ఒక షాపుకి వెళ్ళాం. ఆ షాపాయన పెద్దమనిషి. నేను ధర అడగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కూసొని చూడకుండ కుర్సీ కొనద్దు మేడం. చెప్పులన్న తొడుక్కోకుండ కొంటమా?"

ఆ మధ్యాహ్నం నాలుగు కుర్చీల్లో కూర్చోబెట్టాడు. నడుముకి రెండు పక్కలా అరచెయ్యి నిలువుగా దూరేంత సందు ఉండాలన్నాడు. చేతులు కిందికి వేలాడేస్తే వేళ్ళు ఇరుసుకి తగలాలన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, షాపు గడప ఎక్కించి దించమన్నాడు, ఒకసారి కాదు, పదిసార్లు. మొదటి మూడూ ఎక్కడో ఒకచోట తేడా కొట్టాయి. నాలుగోదానికి సీటు కింద, ఇరుసు దగ్గర, రెండు పక్కలా బొటనవేలంత లావు స్ప్రింగులున్నాయి. గడప దిగాను. కుదుపు వచ్చింది గానీ నడుము దాటి పైకి రాలేదు. నేను నవ్వానట, మా ఆయన చెప్పాడు. నేను నవ్వి అప్పటికి చాలా నెలలయింది.

అదే రకం కొత్తది, సీలు వేసిన అట్టపెట్టెలోది, మా కళ్ళముందే కోసి బిగించి ఇచ్చాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకు చాలా అవసరమైంది. నా బరువుకి తగ్గట్టు స్ప్రింగులు సరిచేసి, ఖాళీగా ఉన్నప్పుడు సీటు కింద ఎంత సందు ఉండాలో, కూర్చుంటే ఎంత ఉండాలో చూపించాడు. వారానికోసారి కొలుచుకోమన్నాడు. నేను సైన్సు టీచర్ని, ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాను. ఖాళీగా ఉంటే ఆరున్నర సెంటీమీటర్లు. నేను కూర్చుంటే నాలుగు సెంటీమీటర్ల రెండు గీతలు, అంటే నాలుగు పాయింట్ రెండు.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, రెండు నిమ్మకాయలు సిద్ధం చేసింది. ఇంట్లోకి ఏ బండి వచ్చినా పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాలి. సైకిలుకైనా సరే, కారుకైనా సరే.

"చక్రాలున్నయంటే బండే గదా" అంది.

"అయితే నంబరు ప్లేటు కూడా పెట్టించండి అత్తమ్మా" అని నేను మంచం మీంచి కదల్లేదు. సొంతదారు బండెక్కి తొక్కించాలని ఆమె రెండుసార్లు పిలిచింది. మీరే చేసుకోండి అన్నాను. పట్టుదల అనండి, పొగరు అనండి. చక్రాల కుర్చీకి పూజేమిటి, దాన్ని పండగలా చేయడమేమిటి అని లోపల ఎక్కడో మంటగా ఉంది. చివరికి మా ఆయన ఖాళీ కుర్చీనే ముందుకు తోశాడు. నిమ్మకాయలు నలిగిన చప్పుడు గదిలోకి వినిపించింది.

"ఎవ్వలు కూసోకుండ ఎక్కిచ్చినం. మంచిగ లేదు" అని అత్తమ్మ గొణుగుతుంటే నేను నవ్వాను.

పది రోజులు ఏమీ జరగలేదు. రోజూ సందులో అటూ ఇటూ తిరిగి చేతులు గట్టిపరుచుకున్నాను. పదకొండో రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక మంచం మీదికి మారి, కుర్చీ బ్రేకులు వేసి, పక్కనే ఉంచి పేపరు చదువుకుంటున్నాను. మూడు కావస్తోంది. కిటికీలోంచి ఎండ చక్రాల మీద పడుతోంది. నేను కూర్చున్నప్పుడల్లా స్ప్రింగులు సన్నగా కిర్రుమంటాయి. ఆ చప్పుడు వినిపించింది.

తలతిప్పి చూశాను. సీటు దిగి ఉంది. ఒకసారి కళ్ళు మూసి తెరిచాను. దిగే ఉంది. సీటు మీది మెత్త మధ్యలో కొద్దిగా అణిగింది. దిండు కిందనున్న స్కేలు తీసి, మంచం మీంచి వంగి, చెయ్యి చాచి కొలిచాను. నాలుగు సెంటీమీటర్ల రెండు గీతలు. నాలుగింటికి మళ్ళీ కిర్రుమని లేచింది.

స్ప్రింగు పాడైతే దిగుతుంది, కానీ దానంతటది లేవదు. అనుమానం పెనుభూతం అంటారు కదా, నాదీ అదేననుకుని ఎవరికీ చెప్పలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మూడు రోజులూ కొలిచి పాత డైరీలో రాశాను. ఒక్క గీత తేడా లేదు.

నాలుగో రోజు మా ఆయనకి సెలవు. మూడింటికి పక్కన కూర్చోబెట్టుకున్నాను. సీటు దిగడం ఆయనా చూశాడు. తర్వాత లేచి, కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ఎత్తబోయాడు. షాపు నుంచి తెచ్చేటప్పుడు ఒక్క చేత్తో ఆటోలో పడేసిన కుర్చీ అది. నేలమీంచి ఒక జానెడు లేపి మెల్లగా దించేశాడు. ఈ రెండేళ్ళలో ఆయన నన్ను ఎన్నిసార్లు ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడో. నా బరువు ఆయన చేతులకి తెలుసు.

"నిన్ను ఎత్తినట్టే ఉంది సుజాతా" అన్నాడు.

ఆ మాటకి పుట్టిన భయం ఇంకా నన్ను వదల్లేదు. మర్నాడు కుర్చీని షాపుకి తీసుకెళ్ళాం. రెండు రోజులు అక్కడే ఉంచుకుని చూశాడు షాపాయన. ఒక్కసారి కూడా దిగలేదట.

"స్ప్రింగులు సుత మంచిగున్నయి. ఖాళీ కుర్సీ గట్లెట్ల దిగుతది సార్?" అన్నాడు.

అంతకుముందు ఇది ఇంకెవరిదైనా అయ్యుండేదా, వాడినవాళ్ళెవరైనా చనిపోయారా అని అడిగాను. అవునంటాడేమోనని ఆశ. అలా అంటే ఈ కథకి తలా తోకా దొరికేది. "మీ ముంగటనే గదా మేడం డబ్బా కోసింది" అన్నాడు. నిజమే, నేనూ చూశాను.

కుర్చీ వాపసిచ్చేద్దామన్నాడు మా ఆయన. అలాంటిదే ఇంకొకటి తెప్పించడానికి నెల పడుతుందన్నాడు షాపాయన. బడి తెరవడానికి వారమే ఉంది. నేను ఒప్పుకోలేదు. మధ్యాహ్నం గంటసేపే కదా, ఆ వేళకి నేను బడిలో దాని మీదే కూర్చుని ఉంటాను, ఖాళీ ఉంటేగా అనుకున్నాను.

బడి తెరిచే రోజు పొద్దున ఎనిమిది కాకముందే తయారయ్యాను. మంచం నుంచి కుర్చీకి చెక్కపలక వేసుకుని జరుగుదామని చూస్తే, సీటు అప్పటికే దిగి ఉంది.

మధ్యాహ్నం కాదు. పొద్దుటి వేళ, వంటింట్లో కుక్కరు కూత వేస్తోంది, ఎదురింటివాళ్ళ స్కూటర్ స్టార్టవుతోంది. మా ఆయన ఏడింటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. పలక మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను. ఆ మొదటి రోజు వెళ్ళకపోతే ఇక నా పని అయిపోయినట్టే. అయినా జరగలేకపోయాను.

అత్తమ్మ టిఫిన్ బాక్సు పట్టుకుని వచ్చింది. నన్ను చూసింది, కుర్చీని చూసింది. ఆమెకి మేము ఏమీ చెప్పలేదు. బాక్సు మంచం మీద పెట్టి, కుర్చీ ముందు నిలబడి, ఇంటికొచ్చిన చుట్టాలమ్మాయితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"లే బిడ్డా, జెర లే. ఆమెకు బడికి టైమైతుంది. మళ్ల వచ్చినంక కూసుందువు."

కిర్రుమని స్ప్రింగులు లేచాయి.

నేను కూర్చున్నాను, వెళ్ళాను, ఆ రోజు మూడు క్లాసులు తీసుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ వరండాలో నిలబడి చూసి తల ఊపింది. ఏడాదిగా నేను కోరుకున్నది అదే. కానీ ఇంటికి తిరిగి రావాలంటే భయం. మళ్ళీ వచ్చాక కూర్చోమని అత్తమ్మ మాటిచ్చింది కదా. వచ్చి మంచం మీదికి మారానో లేదో సీటు దిగింది.

అలా మూడు నెలలు గడిచాయి. రోజూ పొద్దున అత్తమ్మ అడిగితే లేచేది. ఆమెకి భయం లేదు.

"నిమ్మకాయలు తొక్కేటప్పుడు నువ్వు ఎక్కలే, ఎవరో ఎక్కిండ్రు. ఎక్కినోళ్ళను అడిగి దించాలె గానీ కొట్టి దించుతమా" అనేది.

నేను రెండుమూడుసార్లు అడిగి చూశాను. ఆమె చెప్పినట్టే, ఆ మాటలతోనే. నేనడిగితే లేవలేదు. ఎవరి సాయం లేకుండా తిరగాలని కొనుక్కున్న కుర్చీ ఎక్కడానికి రోజూ అత్తమ్మ కావాల్సి వచ్చింది. నవ్వొస్తే నవ్వండి, నాకు రాలేదు.

సెప్టెంబరులో మా ఆడపడుచుకి జ్వరం వచ్చి అత్తమ్మ జనగామ వెళ్ళింది. మర్నాడు పదో తరగతికి పరీక్ష. తొమ్మిదింటికి ప్రశ్నపత్రం కవరు నేనే విప్పాలి. మా ఆయన వెళ్ళాక కుర్చీ వైపు చూస్తే దిగి ఉంది. అడిగాను. బతిమాలాను. అత్తమ్మకి ఫోను చేస్తే తియ్యలేదు. ఎనిమిదిన్నరయింది. ముప్పైరెండు మంది పిల్లలు హాల్లో కూర్చుని ఉంటారు. నేను వెళ్ళకపోతే హెడ్‌మిస్ట్రెస్ ఏమంటుందో నాకు తెలుసు, పాపం ఆమె ముందే చెప్పింది.

పలక వేసుకున్నాను. కళ్ళు మూసుకోలేదు, మూసుకుంటే పడిపోతాను. ఒక్కసారిగా జరిగి కూర్చున్నాను.

స్ప్రింగులు కిర్రుమనలేదు. సీటు కదల్లేదు. పక్కకి వంగి స్కేలు పెట్టి కొలిచాను. నాలుగు సెంటీమీటర్ల రెండు గీతలు. ఖాళీగా ఉన్నప్పుడు దిగిందెంతో, నా బరువు పడ్డాక కూడా అంతే. ఇది ఎలా జరుగుతుందో నా దగ్గర పాఠం లేదు. నాతో చదివిన ఇంజనీరు స్నేహితురాలిని అడిగితే, నువ్వు కొలవడంలో తప్పు చేసుంటావు అంది. కావచ్చు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి.

బడికి వెళ్ళాను. కవరు విప్పాను. పరీక్ష అయ్యేదాకా మూడు గంటలు ఆ సీటు మీదే ఉన్నాను. తర్వాత అత్తమ్మ తిరిగి వచ్చింది, మళ్ళీ రోజూ పొద్దున ఆమే అడిగి లేపుతోంది, రోజులు మామూలుగా గడుస్తున్నాయి. ఉద్యోగం ఉంది.

నాకు నడుము కింద స్పర్శ లేదు. ఆ రోజు మూడు గంటలూ నేను కూర్చున్నది మెత్త మీదో, ఎవరి ఒడిలోనో నాకు తెలియదు. చెయ్యి కిందికి పెట్టి తడిమి చూస్తే తెలిసేదేమో. ఆ రోజు అంత ధైర్యం చేయలేకపోయాను, ఇప్పటికీ చేయలేదు.