డేరా సినిమా ఇంటర్వెల్లో లేజరు

ఆ రోజుల్లో యంత్రం పక్కన నిలబడి ఫోటో దిగినవాళ్లకు కూడా ఆ యంత్రాన్ని తామే కనిపెట్టినంత ధీమా ఉండేది. ఎమ్మెస్సీ ముగించి, వాతావరణ పరిశోధనలో చిన్న ఉద్యోగంలో చేరిన నాకైతే, ఆకాశాన్ని నా పేర రిజిస్టరు చేయించారనే నమ్మకం. మా దగ్గర ఒక లేజరు యంత్రం ఉండేది. పచ్చని వెలుగును తునకలు తునకలుగా పైకి పంపితే, అది చాలా ఎత్తున దూదిపీచులా పరుచుకున్న మబ్బును తాకి, రవ్వంత తిరిగి వచ్చేది. రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మబ్బు ఎత్తు తెలిసేది. ఆ మబ్బు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు ఎంతసేపట్లో జరిగిందో చూస్తే ఆ ఎత్తులో గాలి వేగం తెలిసేది. (ఇప్పుడింత సులువుగా చెబుతున్నాను గానీ, అప్పట్లో ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పి, వాళ్లకు అర్థం కాకపోతే ఎంతో తృప్తి పడేదాన్ని.)

ఒక వేసవిలో ఆ యంత్రాన్ని పల్నాటికి తెచ్చాం. మా పెద్దసారు మాచర్లలో ఉండి గాలిబుడగలు వదలాలి, నేను గురజాలలో లేజరు నడపాలి. బుడగ చెప్పిన గాలి, లేజరు చెప్పిన గాలి ఒకటే అయితే యంత్రాన్ని నమ్ముతారు. కాకపోతే యంత్రమూ, దాన్ని నమ్ముకున్న నా ఉద్యోగమూ రెండూ అటకెక్కుతాయి. గురజాల ఎందుకంటే అక్కడి మిషన్ బడిలో మా మేనత్త టీచరు. సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి మేడను ఆవిడే ఇప్పించింది. "మా అన్న కూతురు, మబ్బుల ఇంజనీరు" అని బజారంతా నన్ను పరిచయం చేసింది. నేను ఇంజనీరును కాదు అత్తయ్యా అంటే, "నువ్వూరుకో. ఇంజనీరంటేనే కరెంటాఫీసోళ్లు మాటింటారు" అనేది.

బడికి ఎదురుగా ఖాళీ స్థలంలో డేరా సినిమా ఆడుతుండేది. మొదటి సాయంత్రం మా పచ్చని గీత ఆకాశంలోకి లేచేసరికి నేలక్లాసు జనం సగం మంది బయటికొచ్చి మెడలు వెనక్కి వాల్చి నిలబడిపోయారు. లోపల తెర మీద హీరో ఎవరికోసమో పాపం ఫైటింగు చేస్తూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున్నే డేరా యజమాని వచ్చాడు. పెద్దవయసు సాయిబు, ఊరంతా డేరా మామ అని పిలిచేవారు.

"అమ్మాయ్, నీ లైటు మా ఆట అయిపోయినాక ఏసుకోరాదా?"

"అప్పటిదాకా మబ్బు ఉండదు మామా."

"నా జనం గూడా ఉండట్లా."

"మీ సినిమా రేపైనా ఆడుతుంది. ఈ గాలి మళ్లీ రాదు" అన్నాను, చాలా గొప్ప మాట అనేశానన్న సంతోషంతో. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గురజాలలో గాలికి గూడా కరువొచ్చిందా" అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆకాశం తుడిచిన పలకలా ఉండిపోయింది. చివరికి ఒక మధ్యాహ్నం మబ్బు పీచులు కనిపించాయి. పెద్దసారు ట్రంకు కాల్ చేసి, ఈ సాయంత్రమే బుడగ వదులుతున్నానని చెప్పారు. ఆయన ఫోను పెట్టేసిన కాసేపటికి ఊళ్లో కరెంటు పోయింది. చీకటి పడుతున్నా రాలేదు. కరెంటాఫీసుకు వెళ్లిన అత్తయ్య, ఇంజనీరు మాట చెప్పినా లాభం లేకపోయిందని తిరిగొచ్చింది. ఊరు మొత్తం మీద వెలుగున్నది డేరాలోనే, అక్కడి డీజిల్ ఇంజను దయవల్ల. నేను సిగ్గు పక్కన పెట్టి రోడ్డు దాటాను.

డేరా మామ ఆ గాలి సంగతి ఎత్తలేదు. అది ఆయన పెద్దరికం. "ఇంజను రెంటికీ చాలదమ్మాయ్. నీ లైటు ఎలగాలంటే నా బొమ్మ ఆగాల" అని ఆలోచించి, "ఇంటర్వెల్లో అరగంట ఇస్తా. అందాకా జనాన్ని నువ్వే కూర్చోబెట్టాల. లేచిపోతే ఇంక నా కరెంటు నాకే" అన్నాడు. బుడగ మబ్బు ఎత్తుకు చేరేసరికి ఇంటర్వెలే అవుతుంది. "కూర్చోబెడతాను" అన్నాను. ఎలా అని ఆయన అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఇంటర్వెల్లో బొమ్మ ఆగింది. రోడ్డు మీదుగా లాగిన వైరు మా మేడకు వచ్చింది. బ్యాటరీ మైకు కూడా వచ్చింది. జనం చాపలతో సహా డేరా బయటికొచ్చి ఆకాశం కేసి తిరిగి కూర్చున్నారు. నేను ఒక చేత్తో మీటలు తిప్పుతూ, ఇంకో చేత్తో మైకు పట్టుకుని, "సోదర సోదరీమణులారా, ఇప్పుడు మనం ట్రోపోస్ఫియర్ పైభాగాన్ని పరిశీలిస్తున్నాము" అని మొదలుపెట్టాను.

"యాడుందమ్మా ఆ ఊరు?" అని కింద నుంచి ఎవరో అడిగారు.

అప్పుడు మామూలు తెలుగులోకి దిగాను. వెలుగు వెళ్లి మబ్బును తట్టి వస్తుందంటే శ్రద్ధగా విన్నారు. నేనూ రెచ్చిపోయాను. ఇంతలో ఒక ముసలామె లేచి, "ఏమే అమ్మాయ్, ఉక్క చానా ఎక్కువగా ఉంది, మబ్బేసింది. వాన పడుద్దా?" అంది. ఆ మాటకు నలుగురు చాపలు చుట్టడం మొదలుపెట్టారు. నా కొలతలు ఇంకా సగంలో ఉన్నాయి.

"పడదు" అన్నాను మైకులో. "ఆ మబ్బుల్లో ఉన్నది మంచు పలుకులు. వాటి నుంచి ఒక్క చుక్క కూడా కింద పడదు. నిశ్చింతగా కూర్చోండి."

"చదువుకున్న పిల్ల చెబుతుంది, కూర్చోండి" అని డేరా మామ కూడా అన్నాడు. కూర్చున్నారు. నా కొలతలు పూర్తయ్యాయి, బొమ్మ మళ్లీ మొదలైంది.

క్లైమాక్సులో హీరో తల్లిని గుర్తుపట్టే వేళకు ఈదురుగాలి లేచింది. వెనకే వాన. (నేను నడినెత్తిన ఉన్న మబ్బునే చూస్తున్నాను. సాగర్ వైపు నుంచి మెరుపులతో వస్తున్నదాన్ని చూడనేలేదు.) డేరా గుంజ ఒరిగి, తడిసిన గుడ్డంతా కుర్చీ క్లాసు మీదికి జారింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, ఊరు ఊరంతా నెత్తిన చాపలతో పరుగెత్తుకొచ్చి మా బడి వరండాలో చేరింది. నేను మేడ మీద యంత్రం మీద టార్పాలిన్ కప్పి, తడుస్తూ నిలబడ్డాను. దిగడానికి ఉన్నవి ఒక్క మెట్లే. అవి ఆ వరండాలోకే దిగుతాయి.

చివరికి దిగాను. అందరూ నావైపే చూస్తున్నారు. మా అత్తయ్య బడిపిల్లల్ని అదిలించే గొంతుతో ముందుకొచ్చింది. "మా పిల్ల చెప్పింది పై మబ్బు సంగతి. దాంట్లోనుంచి చుక్క రాలిందని ఎవరైనా చూపించండి. కింద మబ్బు దాని డిపార్టుమెంటు కాదు."

లుంగీ పిండుకుంటున్న డేరా మామ ముందుగా నవ్వాడు. "రేపు మొదట్నుంచీ మళ్లీ ఆడిస్తా, అందరూ రండి. అమ్మాయి మాత్రం మైకు ముట్టుకోగూడదు" అన్నాడు. వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

బుడగ గాలి, లేజరు గాలి చక్కగా కలిశాయి. పెద్దసారు నా వీపు తట్టి మెచ్చుకున్నారు. ఉద్యోగం నిలిచింది. గురజాలలో మాత్రం నా పేరు వానపడదమ్మగా స్థిరపడింది. ఉన్నన్నాళ్లూ, నేను మేడెక్కుతుంటే బజార్లో వాళ్లు గొడుగులు వెతుక్కునేవారు.

తర్వాత చాలా యంత్రాలు చూశాను, చాలా నేర్చుకున్నాను. వానపడుతుందా అంటే ఇప్పుడు కొన్నిచోట్ల పడవచ్చని, కొన్నిచోట్ల పడకపోవచ్చని చెబుతాను. ఎవరు తడిసినా నన్ను అనడానికి లేదు. మొన్న పక్కింటావిడ వడియాలు పెట్టుకోవచ్చా అని అడిగితే ఆ పాఠమే అప్పజెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అంటే పెట్టమంటారా, వద్దంటారా?" అంది. ఏమనిపించిందో, "పెట్టండి, ఏం కాదు" అనేశాను. అన్నాక ఒళ్లంతా తేలికైంది, పాతికేళ్ల పిల్లనైనట్టు. ఆవిడ సంతోషంగా వెళ్లి మేడ మీద చీర పరిచింది. నేను కుర్చీ లాక్కుని, సాయంత్రం దాకా కిటికీ దగ్గరే కూర్చున్నాను.