బతికిన గొర్రె ఉన్ని

మా ఆయన ఒకసారి వాళ్ల పెద్దాఫీసరు ఇంటికి పోయి, అక్కడ ఉన్ని తివాచీ మీద నడిచొచ్చిండు. మన ముందరి అర్రల గూడ అసొంటిది పరిపియ్యాలె అని ఆ రోజు నుంచి పట్టుబట్టిండు. తొంభైల మొదట్ల ముచ్చట ఇది. మహబూబ్‌నగర్‌ల కొత్తగ కట్టుకున్న ఇంట్లకొచ్చి మాకు నాలుగు నెలలు గూడ కాలే. ఆయన సర్కారు ఆఫీసుల క్లర్కు, నేను బడిల పంతులమ్మను.

ఇంట్ల మాతోపాటు మా అత్తమ్మ ఉండేది. ఆమెది మక్తల్ దిక్కు ఊరు. తల్లిగారింట్ల గొర్లే, అత్తగారింట్ల గొర్లే. చిన్నప్పటి నుంచి ఉన్ని ఏకి, వడికి, గొంగళ్లకు దారం తీసిన చేతులామెయి. మామ పోయినంక మందను మరిదికి అప్పజెప్పి మా దగ్గరికొచ్చింది. పట్నం మనిషి ఏం చెప్పినా ముందుగాల నమ్మకపోవుడు ఆమెకు అలవాటు. పాలు తెచ్చినాయన గేటు దాటకముందే గోరు మీద చుక్క వేసి చూసేది. మొదట్ల నాకు చిరాకు లేచేది. ఉండంగ ఉండంగ ఆ గుణం నాకూ అంటుకున్నది.

"ఉన్ని అని చెప్పి నైలాన్ అంటగడ్తరు. నేనూ వస్త" అన్నది అత్తమ్మ.

ముగ్గురం కలిసి బజార్ల ఒక పెద్ద షాపుకు పోయినం. యజమాని ఎర్ర తివాచీ ఒకటి దొర్లించి పరిచిండు. చూస్తే కండ్లు చెదిరేటట్టు ఉన్నది. మూలకు ఒక ముసలాయన కూసొని ఇంకో తివాచీకి అంచు కుడుతున్నడు. తెల్లగడ్డం, మెడల కొలతల టేపు. ఇండ్లకొచ్చి తివాచీలు బిగిచ్చే మేస్త్రీ ఆయనే అని యజమాని చెప్పిండు.

అత్తమ్మ కింద కూసొని తివాచీ అంచు తిరగేసింది. ఒక పోగు పీకి అగ్గిపుల్ల అడిగింది. యజమాని మొహం చిట్లించినా అగ్గిపెట్టె ఇచ్చిండు. పోగు కాలి వెంట్రుక కాలిన కమురు వాసనొచ్చింది, బూడిద వేళ్ల మధ్య పొడైంది.

"చూసిండ్రు గద పెద్దమ్మా, ఉన్నే" అన్నడు యజమాని.

అత్తమ్మ ఇంకో పోగు పీకింది. ఉమ్మితో తడిపి, వేళ్ల నడుమ నలిపి, ముక్కుకాడ పెట్టుకున్నది. పోగు పుటుక్కున తెగింది.

"ఉన్నే. కాదంటలేను. గని ఇది గొర్రె బతికుండంగ కత్తిరిచ్చిందా, సచ్చినంక తోలు మీదికెల్లి పీకిందా?"

యజమాని నవ్విండు. "గొర్రెను అడిగి రావాల్నా?"

"అడుగవల్సిన పని లేదు. తోలుకు సున్నం పెట్టి పీకిన ఉన్ని గిట్లనే పెళుసుబారుతది. ఎంత రంగేసినా సున్నం వాసన పోదు. రెండేండ్లు నడిస్తే రాలిపోతది."

యజమాని ఇంక నవ్వలే. మూలకున్న మేస్త్రీ సూది ఆపి అత్తమ్మ చేతుల దిక్కు చూస్తున్నడు. మేము కొనకుండనే బయటికొచ్చినం. తొవ్వ పొడుగూత మా ఆయన గొణుక్కుంటనే ఉన్నడు.

మరుసటి రోజు ఆయితారం. పొద్దున చాయ తాగుతుంటే గేటు కాడ ఆ మేస్త్రీ నిలబడ్డడు. లోపలికి రమ్మంటే అరుగు దాటలే.

"పెద్దమ్మ చెప్పింది నిజం. అది సచ్చిన గొర్రె ఉన్నే" అన్నడు. "షాపు మేడ మీద ఒక తివాచీ కట్ట ఉన్నది. ఏలూరు దిక్కు నేసింది. ఎవరో ఆఫీసరు చెప్పి చేపిచ్చుకున్నడు, బదిలీ అయితే తీస్కపోలే. అసలైన మాలు. అది చూపియ్యమని అడుగుండ్రి. జర నా పేరు మాత్రం తియ్యకుండ్రి."

నీళ్లన్న తాగకుండ ఎల్లిపోయిండు.

ఆయన సందు మలిగిండో లేదో మేము మొదలుపెట్టినం. "వానికేం లాభం?" అన్నడు మా ఆయన. "షాపాయనే పంపిండేమో. కింద ఉన్నది అమ్ముడుపోకపోతే మేడ మీదిది అమ్ముకుందామని ఇద్దరు కలిసి ఆడుతున్నరు." నాకూ అట్లనే అనిపిచ్చింది. మా ఇల్లు ఎట్ల కనుక్కున్నడని నేనన్న. "గదే నాకు సమజ్ అయితలేదు. అడుగకుండ ఎవడన్న మంచి చెప్తడా?" అన్నది అత్తమ్మ.

సోమవారం సాయంత్రం మా ఆయన, నేను ఇద్దరమే షాపుకు పోయినం. మేడ మీది కట్ట చూపియ్యమంటే యజమాని చూపు మారింది.

"మేడ మీద ఉన్నదని మీకెవరు చెప్పిండ్రు?"

మా ఆయన ఒక్క నిమిషం ఆగిండు. ఎందుకు ఆగిండో నాకు తెలుసు. వీళ్లిద్దరు కలిసి ఉన్నరా లేదా తేల్చుకోవాలని చూస్తున్నడు. ఆయన మోచేతిని తాకి ఆపొచ్చు నేను. ఆపలే. నాకూ తెలుసుకోవాలనే ఉండె.

"మీ మేస్త్రీయే" అన్నడు.

యజమాని మొహం కందగడ్డయింది. మేస్త్రీ కూసునే మూల అప్పుడు ఖాళీగనే ఉండె. యజమాని కట్టను దించి చూపిచ్చిండు, మేము తీస్కున్నం. రిక్షాల ఇంటికొస్తుంటే మా ఆయన గెలిచినట్టు అన్నడు: "చూసినవా, వాళ్లు కలిసి లేరు." నేను తలూపిన. ఈ సంగతి మేము అత్తమ్మకు చెప్పలే.

నేరేడు పండు రంగు తివాచీ అది, అంచుకు గోధుమరంగు తీగ. అత్తమ్మ దాని మీద చెంప ఆనిచ్చి చాలాసేపు అట్లనే ఉన్నది. "బతికిన గొర్రెదే" అన్నది ఆఖరుకు.

రెండు రోజులకు మేస్త్రీ వచ్చిండు. భుజానికి ఒక బట్టసంచి, నడిచే వచ్చిండు. షాపు వాళ్లు పంపిండ్రనుకున్నం. అర్ర కొలిచిండు. తర్వాత ఒక ప్లాస్టిక్ కాయితం అడిగి బండల మీద పరిచి, చుట్టూ ఇటుకలు పెట్టి, రేపటి దాక తియ్యొద్దన్నడు. తెల్లారి వచ్చి లేపితే కాయితం అడుగున చెమట పట్టినట్టు నీటిచుక్కలు.

"బండల కింద తడి ఇంక ఆరలే సారూ. ఇప్పుడేస్తే బూజు పడ్తది. ఉగాది దాటి ఎండలు ముదిరినంక ఏస్త."

పోయేటప్పుడు తివాచీ కొస నుంచి బెత్తెడు ముక్క కోసుకున్నడు. అంచు కుట్టేటందుకు ఆ రంగుకు కుదిరే దారం తయారు చెయ్యాలన్నడు.

"గంత ముక్క ఎందుకు?" అన్నది అత్తమ్మ, ఆయన పోయినంక. "దారానికి నాలుగు పోగులు సాలవా?" ఆ సాయంత్రం నల్లదారం తీసుకొని తివాచీ వెనుక నాలుగు మూలలకు నాలుగు గుర్తులు కుట్టింది. ఎవడన్న మార్చుకపోతే ఎరుకైతదని. కట్టల వేపాకు పెట్టి, వారానికొకసారి విప్పి దులిపేది. దులిపినప్పుడల్ల ఆ కోసిన కొసను చూసి ఏదో ఒకటి అనేది.

ఉగాది పోయింది. ఎండలు మండుతున్నయి. మేస్త్రీ జాడ లేదు. నెల చూసినం. ముక్కను ఎవరికన్న చూపిచ్చి మా తివాచీకి బేరం పెట్టిండని ఒకరోజు, అసలు పని రాకనే తప్పిచ్చుకున్నడని ఇంకోరోజు అనుకున్నం. ఇంట్ల ఎవరం లేనప్పుడు వస్తడేమోనని ముగ్గురం బయటికి పోయిన రోజు ముందరి తలుపుకు రెండు తాళాలేసిన. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గయితది.

ఆఖరుకు ఫిర్యాదు చేద్దామని ఇద్దరం షాపుకు పోయినం. మూలకు ఎవరో కొత్త మనిషి కూసొని కుడుతున్నడు.

"మీ మేస్త్రీ పని సగంల ఇడిచిపెట్టి పోయిండు" అన్నడు మా ఆయన.

"ఏ మేస్త్రీ?" అన్నడు యజమాని. "మీరు చెప్పిన తెల్లారే తీసేసిన. నా దగ్గర తిని నా మాలునే తిట్టేటోడు నాకెందుకు?"

"మరి మా ఇంటికి కొలతలకు వచ్చిండు గద?"

"నేను పంపలే. మీ బిగింపు మీరే చేసుకున్నరనుకున్న."

మేమిద్దరం ఇంటికొచ్చినం. అత్తమ్మ బియ్యం ఏరుతున్నది. మా ఆయనే చెప్పిండు, మొదటి నుంచి, దాచకుండ. ఆమె చాట పక్కన పెట్టింది.

"పేరు తియ్యొద్దన్నడు గదరా" అన్నది. అంతే. తిట్టలే. రెండు రోజులు కొడుకుతోని మాట్లాడలే.

మూడో రోజు నన్ను తోలుకొని బయల్దేరింది. తివాచీలు కుట్టే ముసలాయన ఇల్లెక్కడని కనపడ్డోళ్లనల్ల అడుక్కుంట, దూదేకేటాయన చెప్తే, ఒక ఇరుకు గల్లీల ఇల్లు పట్టుకున్నం. మేస్త్రీ వాకిట్ల మంచం మీద కూసొని ఉన్నడు. కుడి మోకాలు ముంతలెక్క ఉబ్బింది. పక్కన దండెం మీద రంగేసిన దారం చిలపలు, పొడుగు చుట్టలు, మూడు వేలాడుతున్నయి. మూడు నేరేడు రంగులు, ఒకదానికొకటి జరంత తేడా. మూడో చిలపకు మా తివాచీ ముక్క పిన్నీసుతో గుచ్చి ఉన్నది. దారానికి ముక్కకు తేడా నాకు కనపడలే.

ఆయన కూతురు మాకు పీట, కుర్చీ తెచ్చింది. "రెండుసార్లు రంగు కుదరలే పెద్దమ్మా" అన్నడాయన. "మూడోసారి కుదిరింది, గని అప్పటికి మోకాలు లేవలే. బిడ్డను పంపుదామంటే మీ ఇల్లు దానికెరుక లేదు."

అత్తమ్మ కుర్చీల కూసోలే. "మావోడు నీ పేరు తీసిండంట" అన్నది.

"తెలుసు."

"తెలిసి గూడ మా ఇంటికొచ్చినవా?"

"నోరు జారి ఉంటరు అనుకున్న."

అక్కడ నేను ఊరుకోవచ్చు. నోరు జారింది అనే అబద్ధం ఆయనే నాకు అందిచ్చిండు. గని ఆ మూడు చిలపల ముందర ఊరుకోబుద్ధి కాలే. "నోరు జారి కాదు" అన్న. "మీరిద్దరు కలిసి మోసం చేస్తున్నరేమో అని పరీక్ష చేసినం. ఆయన ఒక్కడే కాదు, నేను గూడ."

ఆయన నా దిక్కు చూసిండు. కోపం కనపడలే. "పరీక్షల పాసైననా పంతులమ్మా?" అని అడిగిండు.

అత్తమ్మ మెల్లగ పీట మీద కూసున్నది. "ఆ దినం మాకెందుకు చెప్పినవన్నా?" అన్నది. అప్పటిదాక ఆయన్ను ఆమె ఏమని పిలువలే.

"మా నాయిన మక్తల్ సంతల ఉన్ని కొనేటోడు. గొర్లోళ్ల ఆడోళ్లు పోగును గట్లనే తడిపి చూపిచ్చేది. నేను చిన్నప్పుడు చూసిన. ముప్పై ఏండ్ల నుంచి షాపుల తివాచీలు కుడుతున్న. గొర్రె బతికిందా సచ్చిందా అని ఎవ్వరూ అడుగలే. అడుగలే కాబట్టి నేనూ చెప్పలే. నువ్వడిగినవు, గందుకే ఆ దినం మీ ఎనుకనే వచ్చి ఇల్లు చూసుకొని పోయిన. నా చేతిల గూడ అసొంటి సచ్చిన ఉన్నే ఉండె అప్పుడు."

మోకాలి సంగతి దవాఖానల చూపిచ్చిండట. తివాచీ బిగిచ్చే పనిముట్టు ఒకటుంటది. ముందర ఇనుప పండ్లు, వెనుక మెత్త. ఆ మెత్తను మోకాలితోని గుద్దితే తివాచీ ముందుకు జరిగి సాగుతది. ముప్పై ఏండ్లు గుద్ది గుద్ది మోకాలు చెడిపోయింది. ఇంక గుద్దితే కాలు పనికిరాదని డాక్టరు చెప్పిండట.

ఆ వచ్చిన ఆయితారం మా ఆయనే పోయి మేస్త్రీని రిక్షాల తోలుకొచ్చిండు. గేటు కాడ ఇద్దరు ఏం మాట్లాడుకున్నరో నేను వినలే. మళ్ల ప్లాస్టిక్ కాయితం పరిచి చూసినం, ఈసారి పొడిగ ఉన్నది. మేస్త్రీ అర్ర నడుమ కుర్చీల కూసొని చెప్తుంటే మా ఆయన చేసిండు. గోడెంబడి తివాచీని పట్టుకునే మొలల పట్టీలు కొట్టిండు, జనపనార పట్ట పరిచిండు, దాని మీద తివాచీ ఇప్పిండు. తివాచీ తిరగేసినప్పుడు మూలల నల్లదారం గుర్తులు బయటపడ్డయి. మేస్త్రీ వాటిని చూసిండు, అత్తమ్మను చూసిండు. అత్తమ్మ బ్లేడు తెచ్చి నాలుగూ కోసేసింది.

ఇంక మేస్త్రీ తెచ్చిన పనిముట్టుతోని గుద్దుడు మొదలైంది. "జర ఇంక గట్టిగ సారూ" అంటడు మేస్త్రీ. మా ఆయన మోకాలితోని గుద్దుతడు. బిగిసిందా అంటే, మేస్త్రీ చెయ్యి పెట్టి చూసి, బిగవలే అంటడు. పొద్దున మొదలుపెడితే చీకటి పడే యాళ్లకు అయింది. మా ఆయన వారం రోజులు మెట్లెక్కలేకపోయిండు. అంచు మాత్రం మేస్త్రీ, అత్తమ్మ చెరొక దిక్కు నుంచి కుట్టుకుంట వచ్చిండ్రు.

మా ఆయన తర్వాత పెద్దాఫీసరుకు చెప్పి మేస్త్రీకి రెండు మూడు ఇండ్లల్ల కుట్టుపని ఇప్పిచ్చిండు. షాపు యజమాని దగ్గరికి గూడ పోయిండు, తప్పు నాదని చెప్పిండట. యజమాని వినలే. నెల నెలా వచ్చే జీతం మాత్రం మేము తిరిగి ఇప్పియ్యలేకపోయినం.

మేస్త్రీ మూడేండ్లు ప్రతి ఎండకాలం వచ్చి తివాచీ చూసిపోయేటోడు. కట్టె పట్టుకొని అంచులెంబడి నడిచి, తలుపు మూల వదులైందని చెప్పేటోడు. మా ఆయన పనిముట్టు తెచ్చి ఆ మూల మళ్ల బిగిచ్చేటోడు. నాలుగో ఏడు ఎండలు మండి తగ్గినా ఆయన రాలే. అత్తమ్మ చెప్పులేసుకొని ఆ గల్లీకి పోయొచ్చింది.

"బిడ్డతోని హైదరాబాదు పోయిండట. అక్కడ గూడ కుట్టుడు ఇడిసిపెట్టలేదంట" అన్నది. కాళ్లు కడుక్కొని లోపలికొచ్చింది.