గురవయ్యగారి బిలియర్డ్స్ కర్రలు

"ఆపు చిన్నమామయ్యా, ఆ ముడి విప్పు! అవి మామయ్య కర్రలు!"

పాడె కడుతున్నవాళ్లందరూ తలలెత్తి నన్ను చూశారు. శవం ముందు కోడలుపిల్ల అట్లా గొంతెత్తడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. పొడుగు వెదుళ్లు రెండు తెచ్చారు గానీ అడ్డకర్రలకు చాల్లేదు. మా మామగారి తమ్ముడు, చిన్నమామయ్య, ఏటా కోటప్పకొండ తిరునాళ్లకు వెదుళ్లతో ఎత్తైన ప్రభ కట్టే మనిషి. షెడ్డులో దూలానికి విత్తనపు కంకుల్లా గుత్తులుగా వేలాడుతున్న కర్రలు ఆయన కంటబడ్డాయి. నున్నగా ఉన్నాయి, తేలిగ్గా ఉన్నాయి. ఇంకేం, దించుకొచ్చి అడ్డంగా పెట్టి పురికొసతో బిగించేస్తున్నాడు.

"కర్రలేగా, బంగారమా? దేనికే అంత కేక?" అన్నాడు.

ఏం చెప్పను? ఆ కర్రల కోసం మా మామయ్య గురవయ్యగారు ఎన్ని ఊళ్లు తిరిగారో చెప్పనా? ఆ పొద్దునే టీ తాగి, వాటిలో ఒకదాన్ని గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ కుర్చీలో ఒరిగిపోయారని చెప్పనా? గ్లాసు తీయడానికి వెళ్లింది నేనే. కునుకు పట్టిందనుకొని చప్పుడు కాకుండా తీసుకొచ్చాను.

నరసరావుపేటలో నాపరాళ్ల గురవయ్య అంటే తెలియనివాళ్లు తక్కువ. మాచర్ల రాళ్లు మద్రాసుకూ బెంగుళూరుకూ తోలే లారీ ఆయనది. నడిపేదీ ఆయనే. కుర్రతనంలో మద్రాసులో ఒక పాత క్లబ్బు దగ్గర రాళ్లు దించుతూ, లోపల పచ్చగుడ్డ పరిచిన బల్లమీద పెద్దమనుషులు బంతులు కొట్టడం కిటికీలోంచి చూశారట. వంగిపోయిందని వాళ్లు బయట పారేసిన కర్ర ఒకటి అడిగి తెచ్చుకున్నారు. అదే మొదటిది. అప్పటి నుంచి ఏ ఊళ్లో లోడు దించినా అక్కడి క్లబ్బుకు వెళ్లి "మీ దగ్గర పాత కర్ర ఏమన్నా ఉందాండీ?" అని అడగడమే. దొరికిన కర్రను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను కూచోబెట్టుకున్నట్టు పక్క సీట్లో పెట్టుకొని వచ్చేవారు. గోడకు ఆనిస్తే వంగిపోతాయని దూలానికి వేలాడదీసేవారు. చివరకు షెడ్డులో బల్ల కూడా కట్టించుకున్నారు. అడుగున నునుపు పట్టించిన మాచర్ల బండ, పైన ఆకుపచ్చ గుడ్డ. "ఇంగ్లీషోళ్ల బల్లకైనా కింద రాయే గదా అమ్మాయ్, మన రాయి ఏం పాపం చేసింది?" అనేవారు.

మా అత్తయ్యకు ఆ కర్రలు సవతులు. నేను అంటున్న మాట కాదు, ఆవిడే అనేది. పొద్దున టీ ఇస్తూ "సవతులు నిద్రలేచారా?" అని అడిగేది. "లేచి మొహం తుడిపించుకుంటన్నారు" అని ఆయన జవాబు. రోజూ అదే అడగడం, రోజూ అదే చెప్పడం, ఇద్దరికీ విసుగు లేదు.

నేను పది తప్పి, ఈపూరు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. ఒక ఆదివారం సాయంత్రం వీధి వీధంతా టీవీ ఉన్న ఇంటికి సినిమాకు పోయింది. షెడ్డులో మామయ్య ఒక్కరే బల్ల ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి నిలబడి తనతో తానే ఆడుకుంటున్నారు. చూసి నవ్వొచ్చింది.

"నవ్వుతావేంది, ఇటు రా, పట్టుకో."

"అయ్యో, ఆడోళ్లకెందుకు మామయ్యా?"

"పట్టుకుంది ఆడో మగో కర్రకు తెలుస్తదా? వంగు. గడ్డం కర్రకు ఆనించు. బంతిని కొట్టమాక, తోసుకుంటా పో."

ఆ రోజు నుంచి నాకూ పిచ్చి పట్టింది. మామయ్యతో ఆడే ఇంకొక మనిషి గురజాల డ్రాయింగు మాస్టారు. ఆయనా కర్రలు పోగుచేస్తారు. ఇద్దరూ కలిస్తే ఆట తక్కువ, తగువు ఎక్కువ. మాస్టారికి పిడి మీద మోజు. నల్లచెక్కలో తెల్లచెక్క పొదిగిన పిడి చూస్తే కళ్లు చెమర్చేవి. మామయ్య పిడివైపే చూసేవారు కాదు. "మాస్టారూ, మీరు పెళ్లికూతురి చీర చూస్తన్నారు. బంతిని తాకేది ఈ ముందు భాగం గదండీ!" అనేవారు. బంతిని ఒక పక్కగా కొడితే అది అనుకున్న దారి వదిలి కాస్త జారుతుంది. కర్ర ముందు భాగం ఎంత సన్నగా, తేలిగ్గా ఉంటే ఆ జారుడు అంత తగ్గుతుందని మామయ్య వాదన. మరీ సన్నబడితే జోరు చావదా అని మాస్టారి వాదన. ఉప్పుకాగితంతో రుద్దడం, కొట్టి చూడటం, మళ్లీ రుద్దడం. తగిలిన చప్పుడు గుల్లగా వస్తే "ఊహూ" అని తల ఊపేవారు.

కొత్త కర్ర వస్తే ముందు పరీక్ష వాకిట్లో నాపబండ మీదే. "కంటిని నమ్మమాక అమ్మాయ్, దొర్లించు. వంకరదైతే కులుకుతా పోద్ది. తిన్ననిదైతే నోరు మూసుకొని పోద్ది."

ఇప్పుడు అవన్నీ పాడెకు కట్టి ఉన్నాయి. నేను అత్తయ్య దగ్గరికి పరిగెత్తాను.

"అత్తయ్యా, నువ్వన్నా చెప్పు. కాలిపోతాయి!"

"పోనీయవే" అంది ఆవిడ, శవం మీది నుంచి చూపు తిప్పకుండా. "బతికినన్నాళ్లూ వాటితోనే ఉన్నాడుగా. సవతుల్ని కూడా తీసుకుపోనీ. నేనొక్కదాన్నే మిగిలిపోతా."

ఆవిడ మొగుడు, ఆవిడ దుఃఖం. కానీ ఆ కర్రలు బూడిదైతే మామయ్య మళ్లీ చచ్చిపోయినట్టేనని నాకు అనిపించింది. అప్పుడే గురజాల బస్సు దిగి మాస్టారు వచ్చారు. పాడె చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన ఎప్పుడూ మోజుపడే నల్లపిడి కర్ర ఎదురుగానే ఉంది. అయినా అది అడగలేదు. "గురవయ్య అయితే ఏం చేసేవాడమ్మా?" అన్నారు మెల్లగా.

ఏం చేసేవారో నాకు తెలుసు.

"దొర్లిస్తా అత్తయ్యా. వంకరపోయినవి మామయ్యతో పోతాయి. తిన్ననివి ఉండనీ."

ఆవిడ శవం మీది నుంచి చూపు తిప్పి నన్ను చూసింది. తర్వాత "కానియ్. ఆయన మాదిరే చెయ్. మోసం చేయమాక" అంది.

చిన్నమామయ్య ముళ్లు విప్పి ఇస్తుంటే, వాకిట్లో నాపబండ మీద కూచుని ఒక్కొక్కటే దొర్లించాను. అంత ఏడుపులోనూ అందరూ మూగి చూశారు. "అది కులుకుతందే!" అని చిన్నమామయ్య కూడా తీర్పు చెప్పడం మొదలుపెట్టాడు. తిన్ననివి ఒక పక్క పేర్చాను. నల్లపిడిది నోరు మూసుకొని పోయింది. మాస్టారు కండువాతో మొహం దాచుకున్నారు.

చివర్లో మద్రాసు కర్ర చేతికొచ్చింది. పొద్దున ఆయన ఒళ్లో ఉన్నది అదే. ఎన్నేళ్లు సరిచేసినా సరికాని కర్ర. నేను దాచుకోవాలనుకున్నదీ అదే. దొర్లించాను. కులుకుతూ, పెళ్లివారింట్లో ముత్తైదువలా అటూ ఇటూ ఊగుతూ పోయింది. అత్తయ్య నా మొహం వంక చూస్తోంది. నేనే తీసుకెళ్లి, మామయ్య కుడిచేతి పక్కన పెట్టాను.

అట్లా వెళ్లిపోయారు మా మామయ్య. ఈ పల్నాడులో లారీలు తోలేవాళ్లు వస్తారు, రాళ్లు మోసేవాళ్లు వస్తారు. కర్రను దుప్పట్లో చుట్టి తెచ్చే మనిషి మాత్రం మళ్లీ రాడు.

మర్నాడు పొద్దున మైల ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటి పిన్ని తెచ్చిన టీ అత్తయ్యకు ఇచ్చి షెడ్డు తలుపు తీశాను. మిగిలిన కర్రలన్నీ తుడిచి దూలానికి కట్టాను. ఒక్కటి ఉంచుకొని, బంతి పెట్టి, గడ్డం ఆనించి కొట్టాను.

"ఏమే" అంది అత్తయ్య వసారాలోంచి. "గుల్లగా వచ్చింది. సరిగ్గా తగల్లా."

కర్ర మొనకు సుద్ద రాసుకొని మళ్లీ కొట్టాను.