ఫిజిక్స్ మాస్టారి మరదలు

మా సెక్షన్లో అందరం అక్కా అని పిలిచే ఆవిడది వెల్డింగ్ పని. గాజు పెట్టెకి బిగించిన రబ్బరు తొడుగుల్లో మోచేతుల దాకా చేతులు దూర్చి, ప్లుటోనియం బిళ్లలను లోహపు డబ్బీల్లో పెట్టి మూతలు అతికేది. ఎండ సరిగా అందనంత దూరపు గ్రహాలకు వెళ్లే నౌకలకు సోలార్ పలకలు చాలవు. ఆ బిళ్లల వేడినే కరెంటుగా మార్చుకుని నౌకలోని యంత్రాలు బతుకుతాయి. పద్దెనిమిదేళ్లలో అక్క వేసిన అతుకు ఒక్కటీ పరీక్షలో తప్పలేదు. పక్క పెట్టె నాదే కాబట్టి నాకు తెలుసు.

ఆవిడ బావగారు, అంటే భర్తకి అన్నగారు, హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు. ఈ ప్లుటోనియం వదిలే ఆల్ఫా కిరణాలను కాగితం ముక్క ఆపేస్తుందని ఏటా పిల్లల చేత వల్లె వేయించేవాడు. సాయంత్రం తామంతా కలిసుండే ఇంటికొచ్చి మరదలి గ్లాసు వేరే అలమారలో పెట్టించేవాడు. తనకి మనవరాలు పుట్టినప్పుడు ఆవిడ ఎత్తుకోబోతే, దూరం నుంచి చూడమన్నాడట. ఈ సంగతి చెప్పినప్పుడు అక్క ఏడవలేదు.

"చదివింది నోటికొచ్చింది గానీ బుర్రకెక్కలేదు, పాపం" అంది. ఆ పాపంలో జాలి చుక్క కూడా లేదు.

తొమ్మిదేళ్లు ప్రయాణించి, అక్క అతికిన డబ్బీలున్న నౌక ఒకటి చేరింది. మంచు గ్రహం ఫొటోలు పేపర్ల నిండా వచ్చాయి. వారం తిరక్కుండానే మాస్టారు అక్కను బడిలో సభకు పిలిచాడు. నేనూ వెళ్లాను. మరదలిని ఈ దారిలో పెట్టింది తానేనని మైకు పట్టుకుని అరగంట ఊదరగొట్టాడు. ఇన్నేళ్లూ భోజనాల బల్లకి అవతలి కొసన కూర్చున్న మనిషి, ఫొటో కోసం కుర్చీ ఆవిడ పక్కకి లాక్కున్నాడు.

అక్క లేచి, ఆల్ఫా కిరణాలను ఏది ఆపుతుందని పిల్లలను అడిగింది. హాలంతా కాగితం అంది.

"మీకు బాగా వచ్చు. మీ మాస్టారికే ఇంకా నమ్మకం కుదరలేదు. మా ఇంట్లో నా గ్లాసు వేరే పెట్టిస్తారు. ఆయనకీ కాస్త నేర్పండి" అని కూర్చుంది.

వెనక బెంచీలు గొల్లుమన్నాయి. మాస్టారు కూడా నవ్వాడు, అదేదో జోకన్నట్టు. తర్వాత నెలంతా, మరదలికి రేడియేషన్ తలకెక్కిందని చెప్పుకు తిరిగాడు. భర్త యథాప్రకారం, అన్నయ్య పెద్దవాడు, సర్దుకుపొమ్మన్నాడు. అక్క కంపెనీ క్వార్టర్‌కి అర్జీ పెట్టింది, వచ్చింది. భార్య లేకుండా ఆ ఇంట్లో మిగలడానికి మొహం చెల్లక భర్తా వెనకాలే బయల్దేరాడు.

సామాను మోయడానికి నేనూ వెళ్లాను. గుమ్మంలో నిలబడ్డ మాస్టారు, ఆవిడ మోస్తున్న పరుపు తనకి తగలకుండా గోడకి అతుక్కుపోయాడు.