బాపయ్య రంపం, బుడాన్ పదును

గుంటూరు పట్నంబజారులో పటాలు కట్టే బాపయ్య గురించి చెప్పాలంటే ముందు ఆయన గొప్పల గురించే చెప్పాలి. మనిషి మంచివాడే. ఒకరి జోలికి పోడు, కొట్టుకొచ్చిన వాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాడు. కానీ తన చేతి సంగతి వచ్చిందా, ఇక ఆగడు. "ఈ మూల చూడండి. రెండు చెక్కలు ఎక్కడ కలిశాయో వేలు పెట్టి చెప్పండి, పటం ఊరికే ఇస్తా" అనేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పందెం ఒక్కరూ గెలవలేదు మరి, గొప్పలు చెప్పుకోక ఏం చేస్తాడు?

అలాగని కొట్టులో కోత మెషీన్ లేదని కాదు. పటం చుట్టూ బిగించే మామూలు ఫైబర్ బీడింగుకి ఆ మెషీనే. పువ్వులు చెక్కి, పైన సుద్ద పూసి, బంగారు రంగు వేసిన టేకు బీడింగు మాత్రం మెషీన్ కింద పెడితే ఆ అదురుకి పెచ్చులూడిపోతుంది. దానికి చేతి రంపమే దిక్కు. అదీ వడ్రంగి రంపం పనికిరాదు, దాని పళ్ళు పెద్దవి, చెక్కని కొరికి పారేస్తాయి. అంగుళానికి పద్నాలుగు పళ్ళుండి, వీపున ఇత్తడి పట్టీ ఉన్న చిన్న రంపం కావాలి. బాపయ్య దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది, కొట్టు పెట్టినప్పుడు కొన్నది.

ఆ రంపానికి పదును పెట్టేది బుడాన్ సాహెబు. బాపయ్యకి బుడాన్ బాబాయి. నెలకోసారి సైకిల్ మీద వచ్చి, రంపాన్ని పళ్ళు పైకుండేలా రెండు చెక్కల మధ్య బిగించి, మూడు పలకల ఆకురాయితో ఒక్కో పన్నూ రాస్తూ కూర్చునేవాడు. పదును పెట్టాక పళ్ళని ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొద్దిగా వంచాలి. లేకపోతే రంపం చెక్కలో ఇరుక్కుపోతుంది. సరిగ్గా ఆ వంచే వేళకి, "ఒరే బాపయ్యా, టీ పట్రా పో" అని తరిమేవాడు. ఎదురుగా టీ కొట్టుండగా ఆయనకి మాత్రం సెంటర్లో టీయే కావాలి. ముసలాడి చాదస్తం అనుకుని బాపయ్య ఫ్లాస్కు పట్టుకుని పోయేవాడు.

పోయిన ఏడు బుడాన్‌కి చూపు బాగా తగ్గిపోయింది. కూతురు మెహర్ వచ్చి దాచేపల్లి తీసుకెళ్ళిపోయింది, అల్లుడికి అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పని. బాపయ్య రంపాన్ని బజారులో మెషీన్ మీద పదును పెట్టే కొట్టులో ఇచ్చాడు. తళతళలాడుతూ తిరిగొచ్చింది. వేలు ఆనిస్తే తెగేంత పదును.

అంతే, ఆ రోజు నుంచి కోత వంకర పోవడం మొదలైంది.

నలభై ఐదు డిగ్రీల గాట్లున్న చెక్క పెట్టెలో బీడింగు పెట్టి కోసినా సరే, చివరికొచ్చేసరికి రంపం కుడికి జరుగుతోంది. ఇంకేముంది, పదును పెట్టినవాడిని తిట్టాడు. కొత్త రంపం కొన్నాడు, అదీ కుడికే. పళ్ళు ఇంకా సన్నవైతే బాగుంటుందేమోనని ఇంకోటి తెప్పించాడు, అదీ కుడికే. మూడు రంపాలూ కూడబలుక్కున్నాయా ఏం? రంపాల్ని ఎన్నాళ్ళని తిట్టగలడు పాపం. లోపల్లోపల ఒక భయం పట్టుకుంది. వాళ్ళ నాన్నకి ఈ వయసులోనే చెయ్యి పట్టు తప్పింది. ఆఖరికి అన్నం ముద్ద కూడా ఎవరో ఒకరు తినిపించాల్సి వచ్చింది.

అలాంటి రోజుల్లో టీచరు మాధురి గారు పటం వెనక్కి తెచ్చింది. అందులో ఉన్నది వాళ్ళమ్మ ఫొటో.

"ఏంటండీ బాపయ్య గారూ, ఈ మూలలో అగ్గిపుల్ల దూరుతోంది! ఆదివారం మా అమ్మ సంవత్సరీకం. చుట్టాలందరి ముందూ ఇదా పెట్టేది?"

ఆ రకం టేకు బీడింగు కొట్టులో ఇంకొక్క బద్దే మిగిలింది. అదీ పాడైతే చేసేదేం లేదు. "శనివారానికి ఇస్తానమ్మా" అన్నాడు గానీ, ఆవిడ వెళ్ళాక బద్ద ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. రాత్రి అన్నం దగ్గర భార్య నాగజ్యోతితో, "ఇక టేకు పని మానేస్తానే. చెయ్యి పోయింది" అన్నాడు.

"పోయిన చెయ్యి పచ్చడన్నం ఎట్టా కలుపుతోందంట?" అంది నాగజ్యోతి. "బాబాయి ఉన్నన్నాళ్ళూ బాగానే ఉందిగా. ఒకసారి పోయి ఆయనకి చూపించి రాకూడదూ!"

"చూపులేని మనిషి ఏం చూస్తాడు?"

"పోనీ పలకరించి రా. ఏడాదైంది, సిగ్గులేదూ?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పొద్దున్నే గోనెసంచిలో పాత రంపం, చెక్క పెట్టె, మిగిలిన బద్ద రెండు ముక్కలు చేసి పెట్టుకుని బస్సెక్కాడు. పిడుగురాళ్ళ దాటాక రోడ్డు పక్క చెట్ల మీద తెల్లటి దుమ్ము. దాచేపల్లిలో దిగి అడుక్కుంటూ పోతే, వసారాలో నులక మంచం మీద బుడాన్. అడుగుల చప్పుడుకే తల తిప్పాడు.

"ఎవరూ, బాపయ్యేనా? ఇప్పటికి గుర్తొచ్చానంట్రా?"

బాపయ్య మెహర్ ఇచ్చిన టీ తాగి, ఉన్నదంతా చెప్పి, రంపం ఆయన చేతిలో పెట్టాడు. బుడాన్ బొటనవేలు పళ్ళ వెంబడి ఒక పక్క, తర్వాత రెండో పక్క పోనిచ్చాడు.

"ఎవడ్రా దీనికి పదును పెట్టింది?"

"బజారులో ఇచ్చాను బాబాయ్. తప్పు పెట్టాడా?"

"తప్పేం లేదు. రెండు పక్కలా సమానంగా, పుస్తకంలో రాసినట్టు పెట్టాడు. నీకు అదే తప్పు."

బాపయ్యకి అర్థం కాలేదు. బుడాన్ తడుముకుని అతని కుడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఇది చిన్నప్పుడు విరిగిందా?"

"పదేళ్ళప్పుడు పత్తి బండి మీంచి పడ్డాను. మా ఊళ్ళో కట్టు కట్టారు. అయితే?"

"కట్టు కొంచెం వంకర కట్టార్రా. నువ్వు కొయ్యేటప్పుడు చెయ్యి కుడికి వాలుతుంది. నువ్వు కొట్టు పెట్టిన నెలలోనే చూశా నేను. అందుకే నీ రంపానికి ఎడమ పక్క పళ్ళు వెంట్రుకవాసి ఎక్కువ వంచేవాణ్ణి. చెయ్యి కుడికి లాగితే రంపం ఎడమకి లాగుతుంది. రెండూ కలిసి తిన్నగా పోతుంది."

ఇరవై ఎనిమిదేళ్ళు! నా చెయ్యి నా చెయ్యి అని ఊరందరి ముందూ రొమ్ము విరుచుకుని తిరిగిన మనిషి. ముందు చెప్పలేనంత సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది.

"మరి నాకొక్క మాట చెప్పొద్దా? నన్ను టీకి తరిమి ఈ పనా చేసేవాడివి?"

"అప్పుడు నీకు ఇరవై నాలుగు. కొత్తగా పెళ్ళైంది, కొత్తగా కొట్టు పెట్టావు. నీ చెయ్యి వంకరరా అంటే మళ్ళీ బీడింగు పట్టుకునేవాడివా? తర్వాత చెబ్దామనుకున్నా. నువ్వు ఆ మూలలు చూసుకుని మురుస్తుంటే నోరు రాలేదు."

కోపం ఎటు పోయిందో పోయింది. బాపయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఒకసారి సరిపోలేదు.

"నాకు కనపడదు. నువ్వే వంచు, నేను చెప్తా" అని బుడాన్ మంచం కింద రేకు పెట్టె తెరిపించాడు. పళ్ళు వంచే పట్కారు అందులోనే ఉంది. ఎడమ పక్కవి ఒక్కొక్కటీ బాపయ్య వంచడం, బుడాన్ వేలు పెట్టి "ఎక్కువైంది, విరగ్గొడతావా", "ఇప్పుడు చాలు" అనడం. మధ్యాహ్నం దాటింది. మెహర్ అన్నానికి పిలిచినా ఇద్దరూ లేవలేదు.

అయ్యాక టేకు బద్ద చెక్క పెట్టెలో పెట్టి, ఊపిరి బిగబట్టి కోశాడు. నాలుగు ముక్కలు, ఎనిమిది కోతలు. కింద పెట్టి మూలలు కలిపాడు. బుడాన్ గోరు ఒక్కో మూల మీదా పోనిచ్చాడు. గోరు ఎక్కడా ఆగలేదు. బాపయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబాయ్, ఇన్నేళ్ళూ నా ఇంట్లో పొయ్యి వెలిగింది నీ వల్లే. నేనది తెలుసుకోకుండా తిన్నాను."

"అదేం మాట?" అన్నాడు బుడాన్. "నాకు పనెక్కడ ఉందిరా? పదేళ్ళ కిందే అందరూ మెషీన్‌కి పోయారు. సైకిలేసుకుని నేనొచ్చింది నీ ఒక్క రంపం కోసమే. బాపయ్య కూడా మెషీన్‌కి పోవచ్చు, అయినా నా కోసమే ఆగాడు అనుకునేవాణ్ణి. ప్రతి నమాజులో నీ కోసం దువా చేసేవాణ్ణి. నీ దయ వల్లే కదరా నేను ఆఖరిదాకా పనివాణ్ణని అనిపించుకుంది."

బాపయ్య ఏదో అనబోయాడు. తను ఆగింది ఆయన మీద దయతో కాదు. ఇంకొకరికిస్తే ఎక్కడ పాడుచేస్తారోనన్న భయంతో. నిజం చెప్పడమా, ఊరుకోవడమా? ఆ కళ్ళు లేని ముసలాయన మొహంలో సంతోషం చూశాక ఆ నిజం గొంతు దాటి రాలేదు. బుడాన్ ఇరవై ఎనిమిదేళ్ళు ఎందుకు ఊరుకున్నాడో అప్పుడు పూర్తిగా తెలిసింది.

"అవును బాబాయ్," అన్నాడు. "నీ కోసమే ఆగాను."