ఆ ఇంజను నేనే మార్చిన

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే ఎవరో చెప్పారు, మేస్త్రి పోయాడని. నాలుగు రోజులైందట. సమాధి కార్యక్రమం కూడా అయిపోయిందట. హన్మకొండలో ఆయన షెడ్డుకూ మా ఇంటికీ మధ్య రెండు వీధులే. అయినా నాకు తెలియలేదు.

ఆయన కార్ల మెకానిక్కు. నాకు చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు. ఒకసారి నా కోసం కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు. అంతే మా సంబంధం.

మా నాన్న మిషన్ ఆసుపత్రిలో దొరసాని డాక్టరుకు ఇరవై ఏళ్లు కారు నడిపాడు. నాకు కాలేజీలో ఉద్యోగం స్థిరపడ్డాక, డెబ్బైల చివర్లో, అచ్చం అలాంటి పాత విదేశీ కారునే నర్సంపేటలో ఒక రైసుమిల్లు యజమాని అమ్ముతున్నాడని తెలిసింది. నాన్నకు అప్పటికే చూపు మందగించింది. పక్క సీట్లో కూర్చోబెట్టుకొని ఊరంతా తిప్పాలని నా ఆశ.

"ఒక్క బోల్టు గూడ మారలే సార్. కంపెనీల ఎట్ల పుట్టిందో అట్లనే ఉన్నది," అన్నాడు మిల్లు యజమాని. రసీదు మీద ఆ మాటే రాయించుకున్నాను.

ఇంటికి తెచ్చి, నాన్నను ఎక్కించి స్టార్ట్ చేశాను. ఆయన తల వంచి కాసేపు విన్నాడు. "బంద్ చెయ్ బిడ్డా. ఇది దాని గొంతు గాదు," అన్నాడు.

మర్నాడు కారును మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి, లోపలికి వంగి చూశాడు.

"ఇంజను ఎవరన్నా మార్చిన్రా మేస్త్రీ?"

"మార్చిన్రు."

"ఎవరు?"

"నేనే," అన్నాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "పాతది పట్టేసింది. ఏదో ఒకటి పెట్టి నడిపియ్యమన్నడు మిల్లాయన. వేరే బండి ఇంజను తెచ్చి, ఈ పట్టీలు వెల్డింగ్ జేసి కూసోబెట్టిన."

వకీలు చెప్పిన దారి సూటిగానే ఉంది. చెప్పిన సరుకొకటి, ఇచ్చిన సరుకొకటి అయితే కొన్నవాడు దాన్ని తిప్పి పంపి డబ్బు అడగవచ్చు. కాకపోతే వెంటనే వద్దని రాసి పంపాలి, ఆ తర్వాత బండి వాడకూడదు. వాడితే ఒప్పుకున్నట్టే. వారం తిరక్కముందే రిజిస్టర్ ఉత్తరం పంపాను. కళ్లారా చూసి, నడిపి మరీ కొన్నాడని అవతలి నుంచి జవాబొచ్చింది. కేసు వేశాం.

కారు మా వాకిట్లో టార్పాలిన్ కింద నిలబడిపోయింది. ఒక వాయిదాకు జడ్జి సెలవు, ఇంకో వాయిదాకు అవతలి వకీలుకు జ్వరం. నాలుగో ఏడు నాన్న పోయాడు. ఆ టార్పాలిన్ పక్కనుంచే శవపెట్టె మోసుకెళ్లాం. ఆ తర్వాత కేసు ఎవరి కోసం నడుపుతున్నానో నాకే తెలియలేదు. మానుకునే ఓపిక కూడా లేక నడిపాను.

మేస్త్రిని సాక్ష్యం అడగడానికి మొహమాటపడ్డాను. మిల్లుల లారీలతోనే ఆయన బతుకుదెరువు. "పిలిస్తే వస్త," అన్నాడంతే. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకొని బోనెక్కాడు.

"నువ్వే మార్చినవని రుజువేంది?" అని గద్దించాడు అవతలి వకీలు.

"నా వెల్డింగ్ నాకు తెల్వదా సార్? ఎడమదిక్కు పట్టీ జర వంకరొచ్చింది. అప్పుడే తీసి మళ్ల చెయ్యాల్సింది. చెయ్యలే."

కోర్టు పంపిన మనిషి వచ్చి టార్పాలిన్ తీసి చూశాడు. పట్టీ వంకరగానే ఉంది.

తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. బండిని నడిచే స్థితిలో అప్పగించి నా డబ్బు నేను తీసుకోవాలి. అప్పటికే మేస్త్రి షెడ్డుకు లారీలు రావడం ఆగిపోయింది. మోపెడ్లు, రైతుల ఆయిలింజన్లు మిగిలాయి. నా వల్లనే ఇలా అయిందని ఏదో అనబోయాను.

"ఫికర్ చెయ్యకున్రి సార్. నన్ను పెద్దోణ్ని గూడ చెయ్యకున్రి. మీరడిగిన్రు, చెప్పిన. మిల్లాయన అసలు ఇంజనే అని చెప్పి అమ్ముతాండని నాకు ముందే ఎర్కే. అప్పుడు నోరిప్పలే."

ఆ మాట ఆయన చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. కొన్నాళ్లు మనసులో గుచ్చుకుంది. తర్వాత తర్వాత, కోర్టులో చెప్పిన సాక్ష్యం కన్నా అదే పెద్దదనిపించింది.

ఏళ్ల తరబడి నిలబడిన కారు కదలలేదు. మేస్త్రి పిలవకుండానే వచ్చాడు. "నేను పెట్టిన ఇంజనే గద, నా మాట వింటది," అంటూ రెండు రోజులు దాని కింద పడుకొని లేపాడు. నర్సంపేటకు ఆయనే నడిపాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం అలసిపోయి ఉన్నాం. బండి సిగ్నల్ లైట్లు పనిచేయడం లేదు. రోడ్డంతా ఖాళీ, వెనక దుమ్ము తప్ప ఏమీ లేదు. అయినా కుడివైపు మలుపు వచ్చినప్పుడల్లా, ఆయన చెయ్యి తిన్నగా కిటికీలోంచి బయటికి చాచి, బండి పూర్తిగా తిరిగేదాకా అలాగే ఉంచేవాడు.