ముప్పై క్వింటాళ్ల మా బాపు

మా బాపు యాబై ఎనిమిది కిలోల మనిషి. గసొంటి బాపును నేను చెరుకు కాటా కాడ, నలుగురి ముందట, ముప్పై క్వింటాళ్ల మనిషిని చేసిన. ఎట్లనో చెప్త. నవ్వుండ్రి గని, నేను చెప్పినట్టు బాపుకు చెప్పకుండ్రి.

అప్పుడు నిజామాబాద్‌ల ఖలీల్ భాయ్ దగ్గర నాకు కొత్త కొలువు. తూకం మిషిన్లు చేసే చిన్న దుకాణం ఆయనది. బోధన్ దిక్కు ఒక చెరుకు కాటాకు మా మిషిన్ పెట్టి చూపియ్యాలె. నచ్చిందా, సీజనంత పని. నచ్చలేదా, దుకాణానికి తాళమే.

కరెంటు మీద నమ్మకం లేక మిషిన్‌ను బ్యాటరీతోని నడిపిస్తుంటిమి. బలమైన చిప్పు పెడితే బ్యాటరీ మధ్యాహ్నానికే పండుకుంటది. అందుకే బక్క చిప్పు పెట్టినం. పాపం, లెక్క జల్దే చేస్తది. గని ప్రతి అంకెకు దూరమున్న మెమరీ దాక పోయి రావాలె. ఉప్పుకు ఒకసారి, పసుపుకు ఒకసారి లోపలి అర్రకు ఉరికే వంటమనిషి కథనే. బండి ఎక్కినంక అంకె పడేసరికి ఒక బీడీ కాలిపోతుండె. లైన్ల చెరుకు ఎండుతుండె.

"ఏం బేటా, దీన్ని ఉరికియ్యలేవా?" అన్నడు ఖలీల్ భాయ్.

"చిటికెల పని భాయ్!" అన్న. గా మాటనే నా కొంప ముంచింది.

చిప్పు పక్కన్నే చిన్న జాగ ఉంటది. పొయ్యి పక్కన పోపుల డబ్బ పెట్టినట్టు, మాటిమాటికి కావాల్సిన అంకెలను గా జాగల సదిరిన. గక్కడికి ఆగితే నేనెందుకైత? బండి నెంబరును, దాని తూకాన్ని గూడ గా జాగలనే పెట్టిన. అదే నెంబరు మల్ల నొక్కితే టక్కున జవాబు. నా తెలివికి నేనే మురిసిన!

చెరుకు కాటా పద్ధతి మీకెరుకనే. నిండు బండిని ఒకసారి తూకేస్తరు, చెరుకు దింపి ఖాళీ బండిని మల్ల తూకేస్తరు. తేడా ఎంతనో చెరుకు అంత. నాకు చిన్నప్పటిసంది ఎరుకే. మిషిన్‌కు చెప్పుడే మర్చిన.

చందూర్ నుంచి మా బాపు బండే ముందట. "మా పోరడు చేసిండు, రెప్ప కొట్టేలోపల చెప్తది" అని లైనంత చాటిండు. నిండు బండి ఎక్కింది. ముప్పై క్వింటాళ్లు, రెప్పపాటున! అందరు సప్పట్లు కొట్టిండ్రు. చెరుకు దింపి ఖాళీ బండిని ఎక్కించిండ్రు. ముప్పై క్వింటాళ్లే. ఈసారి ఇంకా జల్ది.

"అరేయ్, మరి నా చెరుకెంతరా?"

"మిషిన్ లెక్కన... సున్నా, బాపు."

"సున్నానా? గింత దూరం ఎడ్లు ఏం గుంజుకొచ్చినయ్‌రా, గాలినా?"

బాపుకు తిక్క లేసింది. బండిని దింపి తనే కాటా ఎక్కిండు. "నన్ను తూకెయ్, సూస్త!"

కంగారుల అదే నెంబరు నొక్కిన. ముప్పై క్వింటాళ్లు.

"మల్లన్నా!" అని వెనుక నుంచి ఒకాయన అరిసిండు, "నువ్వు దిగవయ్య, కాటా ఇరుగుతది!"

లైనంత నవ్వింది. బాపు తల దించిండు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు వెలిగింది: మిషిన్ కాటా దిక్కే సూస్తలేదు, నెంబరు సూసి పాత జవాబే చెప్తుంది! ల్యాప్‌టాప్ తెరిచి, మారని అంకెలనే దగ్గరుంచి, తూకాన్ని మాత్రం ప్రతిసారి కొత్తగ సూడమన్న. పక్కన ఖలీల్ భాయ్ కండ్లు మూసుకొని దువా చేస్తుండు.

ముందుగాల బాపునే ఎక్కించిన. యాబై ఎనిమిది కిలోలు! గంత జల్దిగనే.

"ఆఁ, ఇప్పుడు కండ్లు తెరిచింది. తేండ్రి బండ్లు!" అని బాపు తల ఎత్తి కేకేసిండు. పొద్దుగూకకముందే లైన్ ఖాళీ అయింది. సీజనంత మా మిషినే నడిచింది.

ఆ రాత్రి ఇంట్ల నన్ను కన్న అవ్వ గుల్ల నిండ రొట్టెలు తెచ్చి బాపు ముందట పెట్టింది. "ముప్పై క్వింటాళ్ల మనిషికి రెండేం సాలుతయ్?"

గప్పుడే కాటా మీద ఒట్టేసుకున్న: మారేదాన్ని దగ్గర దాచుకొని, సూడకుండ జవాబిచ్చే మిషిన్‌ను ఈ జన్మల చెయ్య. అవ్వ "రొట్టె ఎట్లుందిరా" అంటే మాత్రం, నోట్లె పెట్టకముందే "మస్తుగుంది" అంట. గా జవాబు ఎన్నడు మారది, అందుకే దగ్గరనే పెట్టుకున్న.